పాత ల్యాప్‌టాప్‌కు మరమ్మతా? కొత్తదానికి అప్పా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసివ్వమని హాస్టలు తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు గొప్పతనం గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామని మొదట అనుకున్నాం. కానీ ఆ మాటలు ప్రతి ఆగస్టు 15కూ, జనవరి 26కూ జెండా కింద నిలబడి వింటూనే ఉన్నాం. అందుకే మన ఇళ్లల్లో నిజంగా జరిగే ఒక చర్చ గురించి రాస్తున్నాం. పై చదువులకు వెళ్లిన ప్రతి హాస్టలు విద్యార్థి ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి ఈ చర్చ జరుగుతుంది. "ఉన్న ల్యాప్‌టాప్ బాగు చేయించుకోవాలా? అప్పు చేసి కొత్తది కొనాలా?" అన్నదే ఆ చర్చ.

మేము అంటే కోయిలకుంట్లలో ఇదే హాస్టలులో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివిన ముగ్గురం. ఇప్పుడు కర్నూలులో ఒకే గదిలో ఉండి పీజీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. రాసే చేయి ఒకరిదైనా ఇందులోని అనుభవం ముగ్గురిదీ.

కరోనా కాలంలో, 2021లో, ముగ్గురం కలిసి 13,000 రూపాయలకు ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాం. అది 2016లో తయారైంది. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, విండోస్ 10. డిగ్రీ ఆన్‌లైన్ పాఠాలు దానిమీదే విన్నాం, స్కాలర్‌షిప్ దరఖాస్తులు దానిమీదే పెట్టాం. పీజీకి వచ్చేసరికి దానికి ఆయాసం పట్టుకుంది. స్విచ్ నొక్కి టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండేవి. తరగతిలో తోటివారు కొత్త యంత్రాలు తెరిచి కూర్చుంటే మాది సంచిలోంచి తీయడానికే నామోషిగా ఉండేది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అనలేదు.

2025 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఇంట్లో మాట ఎత్తాం.

"ఎంతయితాది అబ్బీ?" అన్నాడు నాయన.

"నలభై ఐదు వేలు అయితాది నాయనా."

"సేద్యానికి తెచ్చినట్టే తెద్దాం లే. సదువుకునేటోనివి, పాతదాంతో నీకెందుకు అగసాట్లు?"

అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి పడుకుని లెక్క వేశాం. ఊళ్లో అప్పంటే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. 45,000కు నెలకు 900 రూపాయలు. ఏడాదికి 10,800. రెండేళ్లు తీర్చలేకపోతే వడ్డీయే 21,600. అంటే 45,000 రూపాయల వస్తువు మనకు 66,600 పడుతుంది. అమ్మ శనగ కోతకు పోతే మూడు రోజులు నడుం వంచితే గానీ ఒక నెల వడ్డీ రాదు. ల్యాప్‌టాప్ మన ఒళ్లో ఉంటుంది, బరువు మాత్రం అమ్మ నడుం మీద ఉంటుంది.

మరునాడు పొద్దున బోరు మోటారు కాలిపోయింది. ఓల్టేజీ ఎక్కువ తక్కువలకు మన పల్లెల్లో మోటార్లు కాలడం కొత్తేమీ కాదు. నాయనతో కలిసి దాన్ని రీవైండింగ్ అంగడికి తీసుకుపోయాం. నాయన ఏ బడికీ పోలేదు. అయినా మెకానిక్‌ను వరుసగా అడిగిన ప్రశ్నలు వినండి. "కాలింది కాయిలేనా, ఇంకేమన్నా పోయిందా? బాడీ బాగుండాదా? షాఫ్టు అరిగిండాదా? బేరింగులు ఎన్నాళ్లొస్తాయి? అంతా కలిపి ఎంతయితాది, కొత్తది ఎంతుండాది?" అన్నీ విన్నాక, "అట్లయితే కాయిల్ కట్టప్పా" అన్నాడు.

మాకు సిగ్గేసింది. మోటారుకు నాయన అడిగిన ఐదు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ల్యాప్‌టాప్‌కు మేము అడగలేదు. "నెమ్మదిగా ఉంది, కొత్తది కావాలి" అన్నాం, అంతే. రెండు డిగ్రీలు చదువుతున్న మాకంటే బడి మొహం చూడని నాయనే సరిగ్గా ఆలోచించాడు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది కూడా ఆ ప్రశ్నలే.

మొదటి ప్రశ్న: పోయింది ఏది? దీన్ని అంగడివాడిని అడిగే ముందు మనమే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మామూలుగా చేసుకునే పని చేస్తూ అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు ఒక పది నిమిషాలు గమనించండి. ఏ అంకె ఎప్పుడూ 100 దగ్గర నిలబడి ఉంటుందో జబ్బు అక్కడ ఉందన్నమాట. మా దాంట్లో సీపీయూ 20, 30 దగ్గరే ఉంది. డిస్క్ మాత్రం 100 దిగలేదు. మెమరీ 90 దాటింది. అంటే మెదడు బాగానే ఉంది, చేతులూ కాళ్లే ఆడటం లేదు.

ఈ రెండింటి సంగతి హాస్టలు భాషలో చెప్తాం. డిస్క్ అంటే మన ట్రంకుపెట్టె. ర్యామ్ అంటే చదువుకునే బల్ల. పుస్తకాలన్నీ పెట్టెలో ఉంటాయి, చదివేటప్పుడు కావలసినవి బల్ల మీదికి తెచ్చుకుంటాం. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తీసి పెట్టెలో పెట్టి, ఇంకోటి తెచ్చుకుని, మళ్లీ మొదటిదాని కోసం వంగాలి. ఇక పెట్టె మూత కూడా బిగుసుకుపోయి ఉంటే చదువు సాగినట్టే! పాత హార్డ్ డిస్కులో ఒక పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతూ ఉంటే దానిమీద ఒక సూదిలాంటి భాగం అటూ ఇటూ జరిగి సమాచారాన్ని వెతుకుతుంది. దాని స్థానంలో వచ్చిన ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. చిప్పులోంచి నేరుగా చదువుతుంది. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదివితే మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలోనైతే తేడా ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా బస్సు కుదుపులకు హార్డ్ డిస్క్ దెబ్బతినే భయం దీనికి ఉండదు.

రెండో ప్రశ్న: మార్చగలిగేదేనా? ఎస్ఎస్‌డీని దాదాపు అన్ని పాత ల్యాప్‌టాప్‌లలోనూ హార్డ్ డిస్క్ ఉన్న చోటే అమర్చవచ్చు. ర్యామ్ అలా కాదు. కొన్నింటిలో అది బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడానికి వీలుండదు. ఖాళీ స్లాటు ఉన్నా, డీడీఆర్3 రకం ఉన్నచోట డీడీఆర్4 పట్టదు. ప్రాసెసర్ అయితే ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం మార్చలేము. కాబట్టి జబ్బు ప్రాసెసర్‌దే అయితే మరమ్మతు మాట మరిచిపోవాలి.

మూడో ప్రశ్న: అంతా కలిపి ఎంత? మొదట వెళ్లిన ఒక అంగట్లో మూత కూడా విప్పకుండానే "మదర్‌బోర్డు పోయింది, మార్చుకోండి" అన్నారు. బోర్డు పోతే తెర ఎట్లా వెలుగుతోందని అడిగే ధైర్యం ఆ రోజు మాకు లేదు. కోయిలకుంట్లలో రైలెక్కి నంద్యాల పోయి ఇంకో రెండు చోట్ల అడిగాం. చివరికి మాకైన ఖర్చు ఇది. 256 జీబీ ఎస్ఎస్‌డీ 1,900, 8 జీబీ ర్యామ్ 1,800, బ్యాటరీ 2,200, ఫ్యాను దుమ్ము దులిపి కొత్త థర్మల్ పేస్టు వేయడానికి 400. మొత్తం 6,300 రూపాయలు. ముగ్గురం పంచుకుంటే తలా 2,100. అప్పు లేదు, వడ్డీ లేదు. ఐదు నిమిషాలకు తెరుచుకునేది అర నిమిషం లోపే తెరుచుకుంది. మాలో ఒకరి స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు మొత్తం దానిమీదే నడిచింది. అయితే ఈ ధరలు ఆనాటివి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పుల గిరాకీ పెరిగి 2025 చివరికి ప్రపంచమంతటా ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా ఎక్కాయి. మా లెక్కను నమ్ముకోకుండా కొనే రోజు ధర రెండు మూడు చోట్ల అడగండి. డబ్బు తక్కువైతే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, ర్యామ్ సంగతి తర్వాత చూడవచ్చు.

ఇంతవరకు చదివి పాతదాన్ని బాగు చేసుకోవడమే ఎప్పుడూ మేలని మేము అంటున్నామని అనుకోవద్దు. ఆ పొరపాటు కూడా మాకు తెలుసు. మా సీనియర్ అన్న ఒకరు పాత యంత్రాన్ని వదలలేక ఏడాది పొడవునా ఖర్చు పెట్టాడు. మొదట బ్యాటరీ, తర్వాత కీలు, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత ఛార్జరు. ఒక్కోసారి వెయ్యి, రెండు వేలే కదా అనుకున్నాడు. కూడితే 9,000 దాటింది. ఆఖరికి ఒక ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో బోర్డే పోయింది. పరీక్షా పోయింది, 9,000 కూడా పోయాయి. ఆయన తప్పు మరమ్మతు చేయించడం కాదు, మొత్తం లెక్క రాసుకోకపోవడం. కొత్తదాని ధరలో మూడో వంతు దాటే ఖర్చయితే పాతదానికి దణ్ణం పెట్టి వదిలేయాలన్నది ఆయన్ని చూశాక మేము పెట్టుకున్న నియమం. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును కూడా అందులో కలపాలి. షాఫ్టు అరిగిన మోటారుకు కాయిల్ ఎన్నిసార్లు కట్టించినా దండగే. బ్యాటరీ ఉబ్బిన యంత్రాన్నయితే వెంటనే ఆపేయండి. మంటలు లేచే ప్రమాదం ఉంది.

నాలుగో ప్రశ్న: ఇంకెన్నాళ్లు వస్తుంది? ఇక్కడ విండోస్ సంగతి చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వ్యక్తులకు ఇచ్చిన పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకు మాత్రమే. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ పైది గానీ ఉండాలి. మాది ఆరో తరం. అంటే లోపల అంతా బాగున్నా కంపెనీ లెక్కలో అది ముసలెద్దే. భద్రతా సవరణలు రాని యంత్రంలో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు.

అయితే దీనికీ ఒక దారి ఉంది. మేము లైనక్స్ మింట్ వేసుకున్నాం. డబ్బు కట్టనక్కరలేదు. ఉత్తరాలకు, పట్టికలకు లిబ్రే ఆఫీస్, గణాంకాలకు ఆర్, ప్రోగ్రామింగ్‌కు పైథాన్, తెలుగు టైపింగ్ అన్నీ అందులో పనిచేస్తున్నాయి. ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగువారి దగ్గరికి తేవడానికి హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మొదటి వారం తడబడతాం, తర్వాత చేతికి అలవాటవుతుంది. కానీ కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనే నడుస్తాయి. ఆ రోజుకు స్నేహితుడి యంత్రమో, కాలేజీ ల్యాబో ముందే చూసి పెట్టుకోవాలి.

ఐదో ప్రశ్న, అన్నింటికంటే ముఖ్యమైనది: మన పని ఏమిటి? ఎంఏ, ఎంకాం, బీఈడీ, మాలాంటి స్టాటిస్టిక్స్ చదువులకు బాగుచేసిన పాత యంత్రం చాలు. మా ముగ్గురిలో ఎంసీఏ చదివేవాడికి మాత్రం చాలలేదు. మొబైల్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మా ముసలిది నిలబడిపోయేది. దానికి 16 జీబీ ర్యామ్ ఉంటేనే సుఖం. ఆటోక్యాడ్, వీడియో ఎడిటింగ్ చేసేవారికీ అంతే. వాడికి కొత్తది కొనాల్సిందేనని మిగతా ఇద్దరమే పట్టుబట్టాం. రేపు ఉద్యోగం తెచ్చిపెట్టే పనిముట్టు దగ్గర పిసినారితనం పనికిరాదు. కొడవలి లేకుండా కోతకు పోలేం కదా.

అయితే ఆ డబ్బు వడ్డీ వ్యాపారి దగ్గర తేలేదు. బ్యాంకుల విద్యారుణంలో ఫీజులే కాదు, చదువుకు అవసరమైన కంప్యూటర్ కొనుగోలు కూడా కలుపుకోవచ్చు. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. వాళ్ల అమ్మ పొదుపు సంఘంలోనూ కొంత తీసుకున్నారు. ఏడాదికి 24 శాతం వడ్డీకి పోయే ముందు ఈ రెండు తలుపులూ తట్టండి.

కొత్తది కొనేవారికి ఒక హెచ్చరిక. కొత్తదైనంత మాత్రాన మంచిదని కాదు. అన్నింటికంటే చవకగా దొరికే కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, నిల్వకు 64 జీబీ ఈఎంఎంసీ మాత్రమే ఉంటుంది. ఎస్ఎస్‌డీ వేసిన మా పాతదానికంటే అవి నెమ్మది. పైన పటారం, లోన లొటారం. కనీసం 8 జీబీ ర్యామ్, వీలైతే 16, ర్యామ్ పెంచుకునే స్లాటు, ఎస్ఎస్‌డీ ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి. రెండింటికీ మధ్య మూడో దారి కూడా ఉంది. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. ఎనిమిదో తరం పైబడినది చూసి, బ్యాటరీ, కీలు, అన్ని పోర్టులూ అక్కడే పరీక్షించి, బిల్లు, వారంటీ కాగితం తీసుకుంటేనే డబ్బివ్వండి.

ఇంకొక మాట. పాతదైనా కొత్తదైనా, మీ పని ఇంకో చోట కూడా దాచుకోండి. 1917లో చదువు మధ్యలో లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అంబేద్కర్ గారు వేరే ఓడలో పంపిన పుస్తకాలు ఆ ఓడతోపాటు సముద్రంలో మునిగిపోయాయి. అంతటివారు మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్‌సి. పూర్తి చేశారు. మనకు ఆ కష్టం అక్కరలేదు, ఒక పెన్‌డ్రైవ్ చాలు. ఎస్ఎస్‌డీ పోయేటప్పుడు చాలాసార్లు చెప్పకుండానే పోతుంది. అప్పుడు ప్రాజెక్టూ దాంతోపాటే పోతుంది.

ఇప్పుడు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనసులోని మాట. కొత్త ల్యాప్‌టాప్ మీద మన ఇళ్లల్లో ఉండేది యంత్రం మీది ఆశ మాత్రమే కాదు. మా పిల్లోడు నలుగురిలో తక్కువ కాకూడదన్న తల్లిదండ్రుల ఆరాటం అది. వాళ్లు కాదనరు. అప్పు దొరకకపోతే గొర్రెలు అమ్మైనా తెస్తారు. వాళ్లు కాదనరు కాబట్టే అడిగే ముందు లెక్క వేసుకోవలసిన బాధ్యత మనది. మొదటి తరం చదువరులకు చదువు నేర్పవలసిన మొదటి లెక్క ఇదేనని మాకు అనిపిస్తుంది. సంచిలోంచి పాత యంత్రం తీస్తే ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నవ్విన నాపచేనే పండుతుంది.

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మన హాస్టలు పిల్లల్లో కొందరు 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రభుత్వ ట్యాబులు అందుకున్నవారే. పాఠాలు చూడటానికి అవి పనికొచ్చాయి. కానీ కీబోర్డు మీద చేయి తిరగడానికి, ఒక పట్టిక వేయడానికి, నాలుగు వరుసల ప్రోగ్రాము రాయడానికి కంప్యూటరే కావాలి. మీరు కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని రెండు మూడు వేలకు అమ్మేయకండి, అటక మీద పెట్టకండి. మీ సొంత ఫైళ్లు తుడిచేసి, ఎస్ఎస్‌డీ వేయించి, లైనక్స్ ఎక్కించి మన హాస్టలుకు ఇవ్వండి. పాడైనది ఊరికే తెచ్చి పడేస్తే అది దానం కాదు, చెత్త బదిలీ. పనిచేసేదే ఇవ్వండి. వార్డెన్ గారి దగ్గర ఒక రిజిస్టరు, చూసుకోవడానికి పై తరగతి పిల్లలు ఇద్దరు, రాత్రి స్టడీ అవర్‌లో వంతుల వారీగా వాడకం ఉంటే నాలుగైదు యంత్రాలతోనే చిన్న ల్యాబు నడుస్తుంది.

ఇతరులను అడిగే ముందు మనం చేయాలి కదా. ఈ వేసవితో మా పీజీ చదువులు ముగుస్తాయి. మా ముగ్గురినీ ఇంతదాకా లాక్కొచ్చిన ఆ ముసలిది ఇంకా బాగానే నడుస్తోంది. పరీక్షలు కాగానే దాన్ని, ఛార్జరుతో సహా, వార్డెన్ గారికి అప్పగిస్తాం. మొదటి రెండు ఆదివారాలు మేమే వచ్చి వాడకం నేర్పుతాం. ఎడమవైపు ఒక మీట కాస్త గట్టిగా నొక్కాలి, అంతే.

రిజిస్టరులో రెండో వరుస ఖాళీగా ఉంచుతాం. అందులో ఎవరి పేరు రాస్తారో మీరే చెప్పండి.